మూడో సొట్ట

"ఎనిమిది నెలల్లో ఈ కామేశ్వరిది ఇది మూడో క్లెయిమ్. మూడుసార్లూ పార్క్ చేసి ఉన్న కారే. గుద్దినవాడెవడో ఒక్కసారీ తెలియలేదు." సూపర్‌వైజర్ ఫైలు తెచ్చి యోగానంద్ ముందు పెట్టాడు. "తన కారుకి ఆవిడే సొట్టలు పెట్టుకుంటోందని నా అనుమానం. పైగా నిన్నే పంపమని ఫోన్‌లో అడిగింది."

"ఆవిడ అబద్ధం చెప్పదు," అన్నాడు యోగానంద్.

"అదే నీ రిపోర్టులో నిరూపించు. లేకపోతే పాలసీ క్యాన్సిల్ చేస్తాం."

యోగానంద్ ఇన్సూరెన్స్ కంపెనీలో సర్వేయర్. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో దెబ్బతిన్న కార్లన్నీ అతనే చూడాలి. 1978లో విడాకులయ్యాయి. నాలుగేళ్లుగా ఒక్కడే ఉంటున్నాడు. రోజంతా ఎవరెవరి ఇళ్ల ముందో నిలబడి బంపర్లూ ఫెండర్లూ కొలుస్తాడు. పని అవగానే వాళ్లు థాంక్యూ అని తలుపు వేసుకుంటారు. శని, ఆదివారాల్లో అతను నోరు విప్పేది సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గరే.

కామేశ్వరిగారు మాత్రం మొదటిసారే లోపలికి పిలిచారు. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. భర్త లేరు. ఉప్మా పెట్టి, ఏ ఊరని అడిగి, అతను చెబుతున్నంతసేపూ విన్నారు. రెండోసారి క్రాన్‌బెర్రీ పచ్చడి సీసాలో పెట్టి ఇచ్చారు.

ఈసారి సొట్ట కుడివైపు వెనక డోర్ మీద ఉంది. యోగానంద్ మంచులో మోకాళ్ల మీద కూర్చుని నేల నుంచి ఎత్తు కొలిచాడు. సరిగ్గా ఇంకో కారు బంపర్ ఎత్తు. సుత్తితో కొడితే రేకు ఒక్కచోటే గుంటపడుతుంది. ఇది పొడుగ్గా లోపలికి వెళ్లింది. ఫోటోలు తీశాడు.

"ఇంకో కారే గుద్దిందని రాస్తాను," అన్నాడు వంటింట్లో కూర్చున్నాక. "పోలీస్ రిపోర్ట్ కాపీ ఇవ్వండి."

"ఈసారి పోలీసులకి చెప్పలేదండీ."

"పోయిన రెండుసార్లూ చెప్పారు కదా. గుద్దినవాళ్లెవరో తెలియనప్పుడు ఆ రిపోర్ట్ ఉండాలి. లేకపోతే మీరే చేసుకున్నారంటారు. పాలసీ పోతుంది. ఇంకో కంపెనీ కూడా తొందరగా తీసుకోదు. కారు లేకుండా ఈ ఊళ్లో ఎలా ఉంటారు?"

"కష్టమే." ఆవిడ కాఫీ అతని ముందుకు జరిపారు.

"ఇప్పుడైనా స్టేషన్‌కి వెళదాం. నేను డ్రైవ్ చేస్తాను."

"వద్దండీ. ఎవరినైనా చూశారా అని అడుగుతారు వాళ్లు."

ఆవిడ క్లెయిమ్ ఫారం అందుకుని రెండు ముక్కలు చేశారు. "క్లెయిమ్ వద్దని మీ ఆఫీస్‌కి నేనే ఫోన్ చేసి చెబుతాను. సొట్ట అలాగే ఉండనీండి."

యోగానంద్ తల ఎత్తలేదు. లేచి కోటు తొడుక్కుని బూట్లు వేసుకున్నాడు. క్లెయిమ్ లేదంటే ఈ ఇంటికి ఇక అతను రావాల్సిన పని లేదు.

ఆవిడ తలుపు తీసి పట్టుకున్నారు.

"ఆదివారం భోజనానికి రా నాయనా, ఊరికే రా, ఇంక నా కారుని గుద్దనక్కర్లేదు."