మంచినీళ్ల ట్రే

"ఇగ చచ్చినట్టేనా అమ్మా?" చీపురు పక్కన పెట్టి ట్రేలోకి తొంగిచూసింది కురుమమ్మ.

"నాలా నీళ్లల్లయి సగం పోయినయ్. మంచినీళ్లల్లయి ఒక్కటి కూడ పోలే," అంది సంయుక్త. ఆమె గొంతులో సంబరం దాగలేదు. పురుగులు చస్తే సంబరపడే చదువు ఆమెది, ఏం చేస్తాం!

యూనివర్సిటీకి వేసవి సెలవులు. ల్యాబుకి తాళం. అందుకే చిక్కడపల్లిలో వాళ్ల ఇంటి వెనక వరండాయే ల్యాబు అయింది. రెండు ప్లాస్టిక్ ట్రేలు. రెండింటిలోనూ వికారాబాద్ అవతలి అడవి వాగులో పట్టి తెచ్చిన ఒకే రకం పురుగులు. రెక్కలొచ్చేదాకా నీళ్లలోనే బతుకుతాయి. ఒక ట్రేలో ఆ వాగు నీళ్లే. రెండో దాంట్లో అశోక్ నగర్ మురుగు నాలా నీళ్లు, ఉమాకాంత్ కార్ఖానా గొట్టం కింద పట్టినవి. అక్కడ ఇనుప సామానుకి నికెల్ పూత వేస్తారు.

ఆ నాలా ఒడ్డునే కురుమమ్మ గుడిసె. ఆమె కూతురు మహేశ్వరికి ఒళ్లంతా పుండ్లు, తింటే కడుపునొప్పి. "ఆ నీళ్లల్ల ఏముందో జర చూడమ్మా," అని సంయుక్త కాళ్లావేళ్లా పడింది కురుమమ్మే. ఆమె మొగుడు ఈదయ్య పని చేసేది ఆ కార్ఖానాలోనే. అది మూతపడితే మొదట పస్తులుండేది తన పిల్లలేనని ఆమెకు తెలుసు. అయినా అడిగింది. తల్లి కదా.

"మనుషులు బతుకుతున్న కాడ పురుగులెందుకు చస్తయమ్మా?" అడిగింది కురుమమ్మ.

"గా పొట్టకు రెండు దిక్కుల ఈకల్లెక్క ఊగుతున్నయ్ చూడు, అవి మొప్పలు. నీళ్లల్ల లోహముంటే వాటితోని లోపలికి గుంజుకుంటయ్. మన నాలుకకు తెలవనంత ఉన్నా చాలు, ఊపిరాడదు. కొన్ని జాతులు ఒంటి మీది పొట్టు విడిచినప్పుడు కొంత వదిలించుకుంటయ్. ఇవి పాపం తట్టుకోలేవు."

అవతల కుళాయి దగ్గర చింతపండుతో బిందె తోముతున్న నానమ్మ లక్ష్మి నవ్వింది. "మా కాలంల పురుగులు పడితే నీళ్లు పారబోసేటోళ్లం. ఇదేమో పురుగుల కోసమే నీళ్లు మోస్తున్నది!" అని, మళ్లీ తనే, "నోరులేని జీవాలాయె, ఎండకు నీళ్లెట్ల ఇంకుతున్నయో," అని నొచ్చుకుంది. చీమల పుట్టకు చక్కెర వేయనిదే ముద్ద మింగని మనిషి ఆమె.

"కురుమమ్మా, ఊడ్చేటప్పుడు జర దూరముండు. ట్రేలను ముట్టకు," అంది సంయుక్త.

"అయ్యో, నేనెందుకు ముడ్తనమ్మా!"

సంయుక్త రిపోర్టు పనిమీద నారాయణగూడలోని ప్రొఫెసర్ రాఘవేందర్ ఇంటి చుట్టూ తిరిగింది. కార్ఖానా మీద పెట్టిన ఫిర్యాదుకు విచారణ దగ్గర పడింది. పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చేది. ఒక సాయంత్రం కొంచెం తొందరగా వస్తే, ట్రేల దగ్గర కురుమమ్మ నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. సంయుక్తను చూసి ఉలిక్కిపడి బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున చూస్తే మంచినీళ్ల ట్రేలో పురుగులన్నీ తేలి ఉన్నాయి. ఒక్కటీ కదలడంలేదు.

వెంటనే ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది.

"మంచినీళ్లల్ల కూడా చస్తే ఇంకేం రుజువమ్మా?" అన్నాడాయన. "పురుగులకే రోగముందంటరు. వాళ్ల వకీలు నవ్వుతడు. రేపే విచారణ, మళ్లీ చేసే టైం కూడా లేదు."

ఫోన్ పెట్టేసరికి కురుమమ్మ గేటు తీసుకుని వస్తోంది. సంయుక్తకు ఆ తడి చేతులు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

"ఏం పోసినవ్ దాంట్ల? సబ్బు నీళ్లా? ఫినాయిలా?"

"నేనా? ఏం పోయలేదమ్మా!"

"నిన్న సాయంత్రం ఇక్కడేం చేస్తున్నవ్ మరి?"

"బండలు కడిగి... బతికున్నయో లేవోనని చూసిన. గంతే."

"ఈదయ్య పని పోతదని భయం పట్టుకుంది నీకు. ముందే చెప్తే నేనీ పని పెట్టుకోకపోదును కదా!"

"నా మహేశ్వరి మీద ఒట్టమ్మా."

"ఆ పిల్ల మీద ఒట్టెయ్యడానికి నీకు నోరెట్లొచ్చింది? పో. రేపటి నుంచి రాకు."

కురుమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది.

విచారణలో ప్రొఫెసర్ చెప్పినట్టే అయింది. వకీలు నవ్వాడు. కార్ఖానాకు ఏ అడ్డూ లేకుండా పోయింది. ఫిర్యాదు ఎవరింటి నుంచి మొదలైందో తెలిసి ఉమాకాంత్ అక్కడికక్కడే ఈదయ్యను పనిలోంచి తీసేశాడు. బయట మెట్ల మీద కురుమమ్మ కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. పిల్ల మూలుగుతోంది. సంయుక్త ముఖం తిప్పుకుని నడిచింది. నమ్మించి గొంతు కోసిన మనిషిని చూడబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి వరండాలో కూలబడి ఏడ్చింది. ఖాళీ ట్రేలు గోడకు ఆనించి ఉన్నాయి. నానమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

"తాగు బిడ్డా. రాత్రంతా బిందెల నిలువున్న నీళ్లు, ఒంట్ల చెడుగంతా పోతది."

సంయుక్త గటగటా తాగింది. నానమ్మ ఆమె తల నిమిరింది.

"ఊకో బిడ్డా. వాటికి ఆయుష్షు లేదు, ఎవరేం చేస్తరు? నాలా దాని దిక్కు కంపుకు నేను పోనే లేదు గాని, మంచినీళ్ల దానికి నేనేం తక్కువ చేసిన? రోజూ పొద్దుగాల ఈ రాగి బిందె నీళ్లే పోసిన."