రావమ్మ నొక్కిన పంపు

ముక్కులో కొట్టుకునే మందు కోసం ఇస్సాక్ తయారుచేస్తున్న పంపు మూడేళ్ళకు ఒక కొలిక్కి వచ్చింది. అందులో మందును బయటికి తోసే గ్యాస్ ఉండదు. వేలితో నొక్కిన ప్రతిసారీ ఒకే మోతాదు మందు పడాలి. విజయవాడ ఆటోనగర్‌లోని ఆ చిన్న ఫ్యాక్టరీలో అతను వందసార్లు నొక్కి తూచాడు. వందసార్లూ తూకం సరిపోయింది.

ప్యాకింగ్ చేసే రావమ్మ నొక్కితే మాత్రం వారం రోజులుగా తక్కువే పడుతోంది.

పంపు సిద్ధమైందని సంతకం పెట్టబోతూ ఆమెతో చివరిసారి నొక్కించాడు. మళ్ళీ సగమే పడింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? గట్టిగా నొక్కమంటే నొక్కరేం?" అని విసుక్కున్నాడు.

"ఉన్న బలమంతా పెట్టానండీ. వారం నుంచీ జ్వరం, చేతుల్లో సత్తువ లేదు. చెబితే పనిలోకి రావద్దంటారేమోనని చెప్పలేదు."

ఇస్సాక్ కుర్చీలో కూలబడ్డాడు. మూడేళ్ళ అలసట ఒక్కసారిగా ఒంట్లోకి దిగింది.

"ఇంటికెళ్ళి పడుకోండి. తగ్గాకే రండి. మీ పని ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఆమె వెళ్ళాక ఓనరుకు ఫోన్ చేశాడు.

"పంపు ఇంకా అవలేదండీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేతుల్లోనే పనిచేస్తోంది."