గీత దాటని నీలం

మా పింగాణీ ఊరు అరితలో టీ కప్పు మీద బొమ్మకు గీత మొగుడు గీస్తాడు, గీతల మధ్య నీలం పెళ్ళాం నింపుతుంది.

“కాస్త లావుగా గీయకూడదూ? నా కళ్ళు పోతున్నాయి,” అని సణిగింది ఫుజినో.

“గీత దాటావంటే కొంగకి మెడ వాచిపోతుంది,” అన్నాడు యసాకు. ముప్పై ఏళ్ళుగా అంటున్న మాటే.

“నేనెప్పుడు దాటాను?” అని మూతి తిప్పుకుని, ఆమె రంగులో ముంచిన లావు కుంచె ఎత్తింది.

నాలుగో రోజు బట్టీ తెరిచారు. యజమాని ఒక కప్పు తీసి వెలుగుకు పట్టుకున్నాడు. కొంగ రెక్కల్లో నీలం ఉంది, ఈకకీ ఈకకీ నడుమ వెంట్రుకవాసి తెల్లటి సందు ఉంది. గీత మాత్రం ఒక్కటీ లేదు.

“గీతలేవమ్మా?”

“ఆయన్నే అడగండి. రంగుతో గీయకుండా, ఉత్త సొరబుర్ర కాల్చిన బొగ్గుతో గీసి వదిలేస్తున్నారు. బట్టీలో బొగ్గు కాలిపోదూ మరి!”

యజమాని కప్పు మెల్లగా కింద పెట్టాడు.

“యసాకు పోయి రెండు చలికాలాలు దాటింది కదమ్మా.”

“తెలుసండీ,” అంది ఫుజినో, ఇంకో కప్పు అందుకుంటూ. “అందుకే గీత దాటను. దాటితే అలిగి, రావడం మానేస్తారేమోనని.”