యాభై నాలుగో నంబరు

వరదొచ్చిన మరుసటేడు. నది గట్టు తెంచుకుని వచ్చి, రష్ క్రీక్ కాలేజీ మైదానం నిండా మేట వేసి పోయింది. ఆ బురద ఎత్తించేసరికే ఆటల శాఖ పెట్టె అడుగంటింది.

కాలేజీ అధ్యక్షుడు ప్రూయిట్, ఆటల డైరెక్టరు ఎల్డన్ వీస్‌ని పిలిపించాడు.

"ఆ దక్షిణాది పెద్ద యూనివర్సిటీ వాళ్లు మళ్లీ అడుగుతున్నారు ఎల్డన్. ఒక్క శనివారం మన కుర్రాళ్లు బస్సెక్కి వెళ్లి ఓడి వస్తే చాలు. ఏడాది గడిచిపోతుంది."

ఆ వైపు ఏ కాలేజీలోనైనా ఉండే బేరమే. పెద్ద జట్టుకు సీజను మొదట్లో ఒక సులువైన గెలుపు కావాలి. చిన్న జట్టుకు చెక్కు కావాలి. ఒకరి మీద ఒకరు పడి పడగొట్టే అమెరికా ఫుట్‌బాల్‌లో దెబ్బలు మాత్రం కుర్రాళ్లవి.

"పంపను," అన్నాడు ఎల్డన్.

"అయితే ఫుట్‌బాల్ ఎత్తేయాల్సొస్తుంది."

"ఎత్తేయండి. నేనీ కుర్చీలో ఉండగా పిల్లల్ని సంతకెక్కించను."

ప్రూయిట్ మరి బలవంతం చెయ్యలేదు. వరదకు ముందటేడు అదే బేరం కుదిర్చింది ఎల్డనే. ఆ ఆటలో కొండల్లాంటి వాళ్లిద్దరు యాభై నాలుగో నంబరు మీద పడ్డారు. మెడ విరిగింది. ప్రాణం ఒక్కటే దక్కింది, మెడ కింద ఏదీ కదలదు. ఆ కుర్రాడి నీలం చొక్కా వ్యాయామశాల గోడకు వేలాడదీశారు. ఎల్డన్ ముందు ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఎల్డన్ ఆ గోడ వైపు తలెత్తడు.

పంపనన్న మాట ఊరంతా పాకింది. ఆటగాళ్ల తల్లులు ఇంటికొచ్చి చేతులు పట్టుకున్నారు. కోచ్ మెర్ల్ హాక్ మాత్రం మండిపడ్డాడు. పెళ్లాం పిల్లలు లేని మనిషి. ఆ జట్టే అతని సంసారం.

"పుణ్యం నీకు, పస్తు నాకా? జట్టు పోతే నేనేం చెయ్యాలిరా, పందులు మేపుకోనా?"

"మేపుకో. నీ మాట వినేది అవొక్కటే."

ఇద్దరూ నవ్వారు. అదే వాళ్లు కలిసి నవ్విన ఆఖరిసారి.

మంచు కరిగే రోజుల్లో కబురు పొక్కింది. ఎల్డన్ ఉద్యోగం మారుతున్నాడు. ఎక్కడికో కాదు, ఆ పెద్ద యూనివర్సిటీకే.

మెర్ల్ వచ్చేసరికి అతను సామాను లారీకెక్కిస్తున్నాడు. వాకిటి మెట్ల మీద ఏటవాలుగా పరిచిన చెక్కలు కూడా ఊడదీసి పైకి అందిస్తున్నాడు.

"ఇంకెక్కడా కూడు పుట్టనట్టు వాళ్ల గడపేనా! సిగ్గనిపించడం లేదూ?"

"జీతం బాగుంది," అన్నాడు ఎల్డన్. "ఆసుపత్రి బీమా ఇంకా బాగుంది."

మెర్ల్ చల్లబడిపోయాడు. యాభై దాటినవాళ్లకు ఆ మాట బరువు తెలుసు. రెండో కొస పట్టి చెక్క పైకెత్తించాడు.

"సరే, పో. నీ కుర్చీ నా నెత్తిన రుద్దారు, జీతం పెంచకుండానే. ఎక్కడో అక్కడ తెచ్చి జట్టును నిలబెట్టుకుంటాను. నువ్వు మాత్రం మా పిల్లల జోలికి రాకు. అంతే నేనడిగేది."

ఎల్డన్ ఏమీ అనలేదు. చెయ్యి చాచాడు. ఆ ఊళ్లో చెయ్యి కలిపితే పత్రం రాసినట్టే. మెర్ల్ కళ్లు తుడుచుకుంటూ పట్టుకున్నాడు.

యూనివర్సిటీ వాళ్లు ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఎల్డన్‌ని అడిగింది ఒక్కటే. "ఏ చిన్న కాలేజీ ఎంతకు దిగుతుందో నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు.

కొత్త ఇంట్లో దిగిన మర్నాడు ఉదయం, ఆఫీసు గడపైనా తొక్కకముందే, పొయ్యి మీద ఓట్స్ జావ పెట్టి గోడనున్న ఫోను అందుకున్నాడు. పక్కగది తలుపు ఓరగా తీసి ఉంది.

"మెర్ల్, సెప్టెంబరు మొదటి శనివారం. వస్తారా?"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన మోత.

"పిల్లల్ని సంతకెక్కించనన్నది నువ్వేనా?"

"అప్పుడు అమ్మేవాణ్ణి. ఇప్పుడు కొనేవాణ్ణి."

"చెయ్యి కలిపావు కదరా!"

"కలిపాను. మాటివ్వలేదు."

మెర్ల్ తిట్టాడు. పుట్టి బుద్ధెరిగాక నేర్చినవన్నీ తిట్టాడు. ఎల్డన్ జావ కలుపుతూ విన్నాడు. తిట్లు అయిపోయాక అవతలి గొంతు పీలగా వచ్చింది.

"ఎంతిస్తారు?"

"పోయినసారి ఇచ్చినదాంట్లో సగం."

"సగమా! ఒరేయ్, పీక మీద కాలేస్తున్నావు!"

"మీ పెట్టెలో ఏముందో నాకు తెలియదా? తాళం వేసి వచ్చింది నేనే. నువ్వు కాదంటే ఇంకొకళ్లు. నది మీ ఒక్కళ్లనే ముంచలేదు."

ముక్కు చీదిన చప్పుడైంది.

"వస్తాం," అన్నాడు మెర్ల్. ఆపైన ఉండబట్టలేక, ఇన్నాళ్లుగా ఎవరూ అనని మాట అనేశాడు. "యాభై నాలుగో నంబరు గుర్తున్నాడా నీకసలు?"

జావ పొంగొచ్చింది. ఎల్డన్ మంట తగ్గించాడు.

"కుర్రాళ్లకు హెల్మెట్లు కొత్తవి కొనిపెట్టు," అని ఫోను తగిలించేశాడు.

గిన్నె పట్టుకుని పక్కగదిలోకి వెళ్లి, చక్రాల కుర్చీలోంచి అంతా విన్న తన కన్నకొడుకు, ఆ యాభై నాలుగో నంబరు కుర్రాడి గడ్డం కింద తువ్వాలు దోపి, చెంచాడు జావ చల్లార ఊది, "నోరు తెరువు నాన్నా," అన్నాడు.