ఇంటి సోదా

పొద్దున లేచేసరికి హాల్లో కుర్చీ బోర్లా పడి ఉంది. గోడకున్న అద్దం పగిలి, నేలంతా గాజు పెంకులు. కూతురి గది తలుపుకి గడియ దగ్గర చెక్క లేచిపోయింది.

మాస్టారు వీధి తలుపు చూశాడు. వేసిన గడియ వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు చెక్కుచెదరలేదు.

బయటినుంచి ఎవరూ రాలేదు. మరి రాత్రి ఈ ఇంట్లో తిరిగిందెవరు?

ఇది మొదటిసారి కాదు. భార్య పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఒకరోజు ఆమె ఫొటో నేలమీద కనిపిస్తుంది. ఇంకోరోజు ఆమె బట్టలన్నీ బీరువాలోంచి బయటపడి ఉంటాయి. పోయినావిడే వచ్చి ఏదో వెతుక్కుంటోందేమోనని మొదట్లో ఆయన గుండె ఝల్లుమనేది. తెలుసుకుందామంటే మాస్టారిది మొద్దు నిద్ర. డ్యూటీ దిగి, తోటివాళ్ళతో కాసేపు కూర్చుని ఇల్లు చేరేసరికి ఒళ్ళు తెలిసేది కాదు.

అయినా ఆయన దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు. పోలీసు. మత్తుమందులు పసిగట్టే కుక్కలకి శిక్షణ ఇస్తాడు కాబట్టి డిపార్టుమెంటంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. ఆ ఉద్యోగం నేర్పిన అనుమానం ఒకటి ఆయన్ని కొన్నాళ్ళుగా తొలిచేస్తోంది.

కింది వాటాలో ఉండే టైలరమ్మని మెట్ల దగ్గర అడిగాడు.

"రాత్రి మా ఇంట్లో చప్పుడేమైనా వినిపించిందా అమ్మా?"

ఆమె చేతిలో కత్తెర వంకే చూస్తూ అంది. "మీ ఇంట్లో ఏం జరుగుతోందో నన్నడుగుతారేంటి మాస్టారూ? ముందు ఆ పిల్ల సంగతి చూడండి. ఎండిపోయి పుల్లలా అయింది."

పిల్ల సంగతే. ఆయన భయమూ అదే.

నిన్ననే ఒక కాలేజీలో తల్లిదండ్రుల ముందు మాట్లాడి వచ్చాడు. "మీ పిల్లలు గదికి గడియ పెట్టుకుంటున్నారా? మీ కళ్ళలోకి చూడటం మానేశారా? ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు వేసుకుంటున్నారా? తలుపు కొడితే ఉలిక్కిపడుతున్నారా? అయితే కళ్ళు తెరవండి." చెప్పిన ప్రతి ముక్కా తన కూతురికి అతికినట్టు సరిపోతోంది. పైగా ఈమధ్య ఆ పిల్ల పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరుస్తోంది. ఏ వాసన పోవడానికి?

మీటింగు చివర్లో ఒక ముసలావిడ లేచింది.

"బాబూ, మా ఆయన పొగాకుతో పోయాడు. ఊపిరితిత్తులు బొగ్గయిపోయాయి. అదేమో ప్రతి కొట్లోనూ అమ్ముతారు, నువ్వు చెప్పేవాటికేమో జైల్లో పెడతారు. ఏమిటీ తేడా?"

"చట్టం గీత గీసింది అవ్వా. గీతకి అవతల ఉన్నది విషం."

"మరి ఇవతల ఉన్నది?"

"పన్ను కట్టే విషం!" అన్నారెవరో వెనకనుంచి. హాలంతా గొల్లుమంది. మాస్టారూ నవ్వేశాడు. అవ్వ మాత్రం నవ్వకుండా కూర్చుండిపోయింది.

ఈరోజు మధ్యాహ్నం మాస్టారు చుక్కని ఇంటికి తీసుకొచ్చాడు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న ఆడకుక్క. దాని ముక్కు ముందు మంత్రిగారి బావమరిది పలుకుబడి కూడా పనిచెయ్యలేదని డిపార్టుమెంటులో చెప్పుకుంటారు. సరుకు దొరికితే మొరగదు. అక్కడే చతికిలబడి కూర్చుంటుంది, అంతే.

అమ్మాయి గదిలోంచి బయటికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"నా గదేనా నాన్నా?"

"ఇల్లంతా."

చుక్క వంటగది చూసింది. బీరువా చూసింది. అమ్మాయి పరుపు, పుస్తకాల సంచీ, చెప్పుల జతలు, ఒక్కటీ వదల్లేదు. అది ఎక్కడ కాస్త ఆగినా మాస్టారు పట్టీ బిగించి పట్టుకుంటున్నాడు. ఎక్కడా కూర్చోలేదు. చివరికి మాస్టారి దగ్గరికే వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు నాకి తోక ఊపింది.

ఇల్లు కడిగిన ముత్యంలా ఉంది. మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"దానికి ఏమేం వాసనలు తెలుసు నాన్నా?"

"గంజాయి, నల్లమందు, తెల్లపొడి. చట్టం వద్దన్నవన్నీ తెలుసు తల్లీ."

"చట్టం ఒప్పుకున్నవి?"

"అవెందుకు నేర్పుతారే? నేర్పితే ప్రతి వీధి మలుపులోనూ కూర్చుండిపోతుంది. ఇక మేం ఉద్యోగాలు చేసినట్టే!"

ఆ పిల్ల చుక్క తల నిమురుతూ వంగినప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు చుట్టూ కమిలిన వేళ్ళ గుర్తులు. సూది గుర్తులు కావు.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవడే వాడు? నువ్వే తలుపు తీసి లోపలికి రానిస్తున్నావా? పేరు చెప్పు. వాడు ఎంతటివాడైనా సరే, మెడ పట్టుకుని స్టేషనుకి ఈడ్చుకుపోతాను. నీ తోడు, వదిలిపెట్టను."

"నిజంగా వదిలిపెట్టవా?"

"నీ మీద ఒట్టు."

అమ్మాయి ఫోను తీసింది. "రాత్రి స్టూలెక్కి, తలుపు పైనున్న వెంటిలేటరు అద్దంలోంచి తీశాను" అని ఆయన అరచేతిలో పెట్టింది.

తెరమీద, వీధి చివరి లైసెన్సు మందుషాపులో కొన్న సీసా ఒక చేత్తో పట్టుకుని, పోయిన భార్యని పేరుపెట్టి పిలుస్తూ, తియ్యమంటూ కూతురి గది తలుపుని కాలితో తన్నుతున్నది తనే.