తిరిగి చూడని తల్లి

"అమ్మా, ఈ చెల్లి మనదేనా?"

"మాట్లాడకు సువార్తా. కొంగు పట్టుకుని గబగబా నడువు."

ఎలీషబా గుండెకు హత్తుకున్న పసిగుడ్డు పైట కింద నిద్రపోతోంది. పక్కన గుండ్లకమ్మ ఇసుక మధ్య సన్నగా పారుతోంది. ఈ ఏటి ఒడ్డు దారి గురించి పొద్దున భర్త కృపాకర్ నవ్వాడు. "రాయి లేదు, ముల్లు లేదు. నడక నేర్చిన ప్రతి బిడ్డా పోయే దారి. దానికీ భయమేనా నీకు?" అన్నాడు. అతను తర్లుపాడు బడికి అయ్యవారుగా వచ్చింది ఈ మధ్యనే. ఎలీషబాకు నీళ్లంటే భయం, పాములంటే భయం, కూతురు నాలుగడుగులు ముందుకు పోతే భయం.

ఇప్పుడు వెనక నుంచి వస్తున్న మనిషంటే భయం.

"ఓ అమ్మీ! ఆగు! ఆ బిడ్డను యాడికి తీసకపోతున్నావు?"

ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ, రొప్పుతూ వస్తోంది. ఎలీషబా నడక పెంచింది.

ఇందాక ఊరి చివర చూసింది కళ్లలోంచి పోవడం లేదు. పచ్చి బాలింత ఒకతె చేటను పెంటదిబ్బ మీద పెట్టింది. చేటలో బిడ్డ కెవ్వుమంది. ఆ తల్లి తిరిగి కూడా చూడకుండా ఊళ్లోకి పోయింది. కాకులు దిగాయి. ఎలీషబా పరుగున వెళ్లి బిడ్డను ఎత్తుకుంది. ఆడపిల్ల. అందుకే పారేశారు, పాపిష్టివాళ్లు!

మిషను బంగళా చేరితే చాలు, ఈ బిడ్డ బతుకుతుంది. అక్కడ దొరసాని ఉంది. తల్లీ తండ్రీ లేని ఎలీషబాను ఆ కాంపౌండు గోడల మధ్యే పెంచి, చదువు సగంలో మానిపించి పెళ్లి చేసింది ఆమే.

ఇంతలో సువార్త తూలి ఇసుకలో కూలబడింది. ఎలీషబా ఆగక తప్పలేదు. ముసలమ్మ రానే వచ్చింది.

"దగ్గరికి రావద్దవ్వా! దీన్ని ఏట్లో వేసేదానికి వచ్చినావు, నాకు తెలుసు."

"ఏట్లోనా? నీ నోట్లో మన్ను పడ! నేనెందుకు వేస్తానే?"

"పారేసిన బిడ్డ మళ్లీ మీకెందుకు? ఆ తల్లికి కడుపుతీపి ఉంటే ఒక్కసారన్నా ఎనక్కి చూసేది కాదా?"

"చూడకూడదే పిచ్చిదానా! చూస్తే బిడ్డ దక్కదు."

ముసలమ్మ కర్ర పక్కన పడేసి ఇసుకలో చతికిలబడింది.

"దీని తల్లి లక్ష్మీదేవమ్మకు ఇంతకుముందు పుట్టినోళ్లంతా పురిట్లోనే పోయినారు. ఇదన్నా నిలవాలని దిబ్బ మీద పెట్టింది. నేను ఎత్తుకపోయి, 'పెంట మీద దొరికిందమ్మా, కొంటావా?' అని అడగాల. ఆమె తవుడు పోసి కొనుక్కోవాల. అట్ల కొన్న బిడ్డ జోలికి చావు రాదు. నా మోకాళ్లు పాడుగాను, రవ్వంత ఆలస్యమైంది. అంతలోకే నువ్వు గద్ద మాదిరి తన్నుకపోయినావు!"

ఎలీషబా పైట తొలగించి బిడ్డ ముఖం చూసింది. "మరి... ఆ తల్లి?"

"ఏం చేస్తాది? తవుడు ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చోనుంది. నేను ఉత్త చేతులతో పోతే దాని గుండె ఆగిపోతాది."

ఎలీషబా బిడ్డను ముసలమ్మ ఒడిలో పెట్టింది. ముసలమ్మ గుడ్డ తొలగించి కాళ్లూ చేతులూ తడిమి చూసుకుంది. అప్పటికి గాని ఆమె ముఖంలోకి నెత్తురు రాలేదు.

"ఏమే పెంటమ్మా, పుట్టీ పుట్టకముందే ఏటి షికారా నీకు?" అని బిడ్డ బుగ్గ పుణికింది. తర్వాత ఎలీషబా వైపు తిరిగింది. "చేటలో పెట్టినారంటే పారేసినట్టా? అంత పెద్దదానివైనావు, మీ అమ్మ చెప్పలేదా నీకు?"

ఎలీషబా ఉన్నచోటనే ఇసుకలో కూలబడింది.

"అమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు?" అని సువార్త గడ్డం పట్టుకుంది.

దొరసాని ఎలీషబాను ఎత్తుకొచ్చింది కూడా ఒక పెంటదిబ్బ మీది చేటలోంచే.