నిలిచిన ఎర్రదీపం

పెద్దవాగు వచ్చి దేవరకొండ తొవ్వ తెగిన మరుసటేడు. కనుచీకటి పడే వేళ. వాకిట్లో నులకమంచం మీద ఐలేశం రిమోటుతో ఎగిరే బొమ్మ విమానాన్ని బోర్లా పట్టుకొని కూర్చున్నాడు. దేవరకొండలో సెల్‌ఫోన్లు బాగుచేసే మేనల్లుడు శ్రీశైలం దాని కడుపు విప్పి సన్న స్క్రూడ్రైవర్‌తో కెలుకుతున్నాడు.

"మోటర్ల బురద పట్టింది మామా. పంక ఇరిగింది. తోక తిప్పే చిన్న మోటరు పండ్లు అరిగినయ్. మూడూ కొత్తయే ఏసిన."

"ఇగ ఎగురుతదా?"

"రిమోటు లేంది ఎట్ల ఎగురుతది?"

రిమోటు కూడా విజేందర్‌తోనే వాగులో పోయిందని ఊరంతా అనుకున్నారు.

విజేందర్ ఐలేశానికి, బాలనర్సమ్మకు ఒక్కడే కొడుకు. పట్నంలో పాత సామాన్ల అంగట్లో ఐలేశమే వాడికి ఆ విమానం కొనిచ్చాడు. వాగు నడుమ తుమ్మకంపకు అది తట్టుకుంటే, తెచ్చుకుందామని దిగాడు వాడు. కింది ఊరి దగ్గర తేలాడు. గట్టు మీద విడిచిన చెప్పుల్ని బాలనర్సమ్మ కొంగులో మూట కట్టుకొని ఇంటికి తెచ్చింది. ఆ మూటను ఎవరి చేతికీ ఇవ్వలేదు. నీళ్లు తీసినాక కంపలోంచి విమానాన్ని ఐలేశం తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి అతనికి చేను లేదు, తిండి లేదు. "కొనిచ్చింది నేనే" అన్న మాట తప్ప వేరే మాట లేదు.

శ్రీశైలం బ్యాటరీ తగిలించాడు. విమానం కడుపులో ఎర్రదీపం టపటప కొట్టుకుంది.

"గిట్ల కొట్టుకుంటే రిమోటును ఎతుకుతున్నట్టు. నిలిస్తే దొరికినట్టు. కొత్త రిమోటు తెచ్చి బైండు చేస్తే అయిపాయె."

గడపలో నిలబడ్డ బాలనర్సమ్మ వాకిట్లోకి దిగింది. "బైండ్లాయన ఎందుకురా? జమిడిక కొట్టి పోయినోన్ని పిలిపిస్తవా?"

"అయ్యో, బైండ్లాయన కాదత్తా, బైండు! రెండిటికి జత కలుపుడు. ఇది ఇప్పుడు పాత రిమోటు మాటే ఇంటది. బైండు చేస్తే పాతదాన్ని మర్చిపోయి, కొత్తదాని మాట ఇంటది."

"మర్వద్దు," అంది బాలనర్సమ్మ. "గట్లనే ఉండనీ."

ఆ ఎర్రదీపం వంకే చూస్తూ చాలాసేపు నిలబడింది.

ఐలేశం రోజూ దీపాలు పెట్టే వేళకు బ్యాటరీ తగిలించేవాడు. ఎతుకుతున్న దీపాన్ని కాసేపు చూసి తీసేసేవాడు. ఒకనాడు దీపం కొట్టుకోవడం ఆపి, నిలిచిపోయింది. తోక రెక్క ఎడమకు ఊగింది. కుడికి ఊగింది. మళ్లీ ఎడమకు.

ఐలేశం విమానం మీదికి వంగాడు. ఎగరేసే ముందు విజేందర్ అట్లనే ఊపేవాడు. "బాపూ, పోయొస్తనంటాంది సూడు" అని నవ్వేవాడు.

"ఇజేందరా?"

తోక ఊగింది.

"ఓ నర్సమ్మా! జల్ది రా!"

బాలనర్సమ్మ లోపలి నుంచి వచ్చేసరికి దీపం మళ్లీ కొట్టుకుంటోంది. ఆమె చేతులకు మోచేతుల దాకా జొన్నల దుమ్ము.

"వచ్చిండే! పిలిస్తే పలికిండు!"

ఆమె అతని మొహంలోకి చూసింది. "బాపు తింటలేడని వచ్చిండు గావొచ్చు. తిను మరి."

ఆ పూట ఐలేశం పళ్లెం ఊడ్చి తిన్నాడు.

ఆ తర్వాత రోజూ అదే వేళ. బాలనర్సమ్మ లోపల పనిలో ఉన్నప్పుడే వచ్చేవాడు విజేందర్. "చేను దున్నాల్నా బిడ్డా?" అంటే తోక ఊగేది. తెల్లారి ఐలేశం చేనుకు పోయేవాడు. "నా మీద కోపమున్నదా?" అని ఒకనాడు అడిగితే కదల్లేదు. ఆనాడు గోడకు తల ఆనించుకొని ఏడ్చాడు.

"నీ పెనిమిటికి దయ్యం పట్టిందే," అంది పక్కింటి బిక్షమ్మ.

"పట్టనీ అక్కా. బువ్వ తినిపిచ్చే దయ్యం ఏ ఇంట్ల ఉంటది?" అని బాలనర్సమ్మ నవ్వింది. కొడుకు పోయినాక ఆమె నవ్వడం అదే మొదలు. ఇప్పుడు ఇద్దరూ ఒక్కచోటే కూర్చొని తింటున్నారు.

పత్తి పగిలే రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం లోపలి గదిలోంచి కీక్... కీక్... అని సన్నగా కూత వినిపించింది.

"ఏందే అది?"

"చిమ్మట. జొన్నల కుండ సాటుకు దూరినట్టుంది," అంది బాలనర్సమ్మ గబగబా.

మర్నాడు దీపం నిలవలేదు. కొట్టుకుంటూనే ఉంది.

"వచ్చిండా?" లోపలి నుంచి బాలనర్సమ్మ అడిగింది.

"రాలే."

"జర ఆగు. మల్ల సూడు."

"రాలేదే."

బయటికి వచ్చింది. లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది. అతనికి అన్నం పెట్టి, తాను పెట్టుకోకుండా గోడకు కూర్చుంది. అతని చేతి వంకే చూస్తోంది, ముద్ద ఎత్తుతాడా లేదా అని.

ఐలేశం ఆమెను చూశాడు. ముద్ద కలిపాడు. మెతుకు మిగలకుండా తిన్నాడు. ఆమె కళ్లు మాత్రం అట్లనే బెదురుగా ఉన్నాయి.

"నువ్వు తిను. రేపొస్తడు తియ్," అన్నాడు.

"నిజంగనా?"

"వస్తడు."

తెల్లారి బాలనర్సమ్మ పత్తి ఏరను పోయింది. ఐలేశం దుకాణం వెంకటయ్య దగ్గరికి పోయి నాలుగు సెల్లులు అడిగాడు.

"టార్చిలైటుకానే?"

"ఆఁ."

ఇంటికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు. లోపలి గదిలోకి పోయి, జొన్నల కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

రిమోటులో కొత్త సెల్లులు వేసి, మళ్లీ జొన్నల కుండలో కప్పెట్టాడు.